1940, 50లలో ఇంజనీరింగ్ చదివిన ఆడపిల్లల చదువు ఎలా సాగింది?

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. మీ అమ్మమ్మగారి అక్క 1960ల్లో ఇంజనీరింగ్ చదివారనీ, ఆవిడతో మాట్లాడి కాలేజీ ప్రాజెక్టుగా రాయాలనుకుంటున్నావనీ, అందుకే ఆవిడకంటే ముందు తరం ఆడవాళ్ళు ఎలా చదువుకున్నారో తెలుసుకోవాలనీ అడిగావు. దాంతో పాటు ఇంకో మాట కూడా అడిగావు: దేశంలో ఇంజనీరింగ్ చదివిన మొదటి ఆడవాళ్ళలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత గారి నాన్నగారు ఆవిడ చదివిన కాలేజీలోనే ప్రొఫెసర్ కదా, మరి ఆవిడకు సీటు సులువుగా వచ్చినట్టే కదా అని. అడగాల్సిన ప్రశ్నే అడిగావు. అక్కడినుంచే మొదలుపెడతాను.

ముందు నా సంగతి ఒక ముక్క. నేను 1967లో పీయూసీ (స్కూలుకూ డిగ్రీకీ మధ్య ఏడాది కోర్సు) తరవాత ఐదేళ్ళ బీఈలో ఎలక్ట్రికల్ బ్రాంచ్‌లో చేరాను. మా బ్రాంచ్‌లో ఇద్దరమే ఆడపిల్లలం. ఆ తరవాత ముప్పై ఏళ్ళకు పైగా విద్యుత్ రంగంలోనే పనిచేసి రిటైరయ్యాను. నువ్వు అడిగిన తరం నాకంటే పాతికేళ్ళు ముందుది. అయినా వాళ్ళు పడ్డ ఇబ్బందుల్లో సగం నా దాకా అలాగే వచ్చాయి, అందుకే కొంత ధైర్యంగా రాస్తున్నాను.

లలిత గారు 1919లో పుట్టారు. తెలుగు కుటుంబం, మద్రాసు. నాన్నగారు పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఏడుగురు పిల్లల్లో ఈవిడ ఐదో సంతానం. 15వ ఏట పెళ్ళి. 1937లో భర్త పోయేనాటికి 18 ఏళ్ళు, ఒళ్ళో నాలుగు నెలల ఆడపిల్ల. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో భర్త పోయిన పిల్ల బతుకు ఎలా ఉండేదో మీ అమ్మమ్మగారిని అడుగు, చెబుతారు. పేరంటానికి పిలుపు ఉండదు. శుభకార్యమైతే వెనక గదిలో ఉండాలి. ప్రయాణమై వెళ్ళేవాళ్ళకు ఎదురు రాకూడదు. చాలా కుటుంబాల్లో జుట్టు తీయించేవాళ్ళు, రంగు చీర కట్టనిచ్చేవాళ్ళు కాదు. ఆ పిల్ల మళ్ళీ పుస్తకం పట్టుకుంటానంటే ఇంటిల్లిపాదీ బంధువుల మాటలు కాచుకోవాలి.

ఆవిడ క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ పాసయ్యారు. అప్పట్లో బాగా చదివే ఆడపిల్లకు తెలిసిన దారి డాక్టరు చదువే. దాన్ని ఆవిడ వద్దనుకున్న కారణం నాకు ఎప్పుడు గుర్తొచ్చినా మనసు బరువెక్కుతుంది. డాక్టరయితే అర్ధరాత్రి కబురొచ్చినా పాపను వదిలి పరిగెత్తాలి. ఇంజనీరయితే పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. పిల్లను పెంచుకోడానికి వీలైన ఉద్యోగం ఏదని వెతుక్కుంటూ ఆవిడ ఇంజనీరింగ్ దగ్గర ఆగారు. ఇది నీ ప్రాజెక్టులో తప్పకుండా రాయి. ‘దేశంలో మొదటి మహిళ’ అని మనం చెప్పుకునేటప్పుడు ఆ ఒళ్ళో పాప ఎవరికీ కనపడదు.

సీటు విషయానికొస్తే, అవును, నాన్నగారి వల్లే వచ్చింది. ఆయన ప్రిన్సిపాల్ కె. సి. చాకో గారితో మాట్లాడారు, విద్యాశాఖ డైరెక్టరు ఆర్. ఎం. స్టాథమ్ గారి అనుమతి తెచ్చారు. 1794లో సర్వే స్కూలుగా మొదలైన ఆ సంస్థ అప్పటిదాకా ఒక్క ఆడపిల్లను చేర్చుకోలేదు. బయటనుంచి తలుపు కొట్టే ఆడపిల్లకు లోపల ఆ మాట వినేవాడు ఉండాలి కదా. ఏ తెనాలి నుంచో కర్నూలు నుంచో తెలివైన పిల్ల దరఖాస్తు రాసుకుని ఉంటే అది ఏ బల్ల దాకా వెళ్ళేది? అందుకే లలిత గారికి నాన్నగారి అండ ఉందన్న మాటను దాచాల్సిన పని లేదు. అది ఆవిడ గొప్పతనాన్ని తగ్గించదు. అండ లేనివాళ్ళు ఎంతమంది వంటింట్లోనే ఆగిపోయారో ఆ మాటే చెబుతుంది. కాకపోతే సీటు వరకే నాన్నగారు. మెషీన్స్ పరీక్ష, సర్క్యూట్ల లెక్కలు, ల్యాబ్ రికార్డులు ఆయన రాసిపెట్టలేదు.

1940లో చేరారు. వందల మంది అబ్బాయిల మధ్య ఒక్కరే. హాస్టల్లో ఉన్నారు, పాపను పుట్టింటివాళ్ళ దగ్గర ఉంచి, సెలవు దొరికినప్పుడు వెళ్ళి చూసి వచ్చేవారు. తోటి అబ్బాయిలు మర్యాదగానే ఉన్నారట. అయినా ఆవిడ ఒంటరితనం నాన్నగారి కంట పడింది. అప్పుడు ఆయన చేసిన పని ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంకా కొంతమంది ఆడపిల్లల్ని చేర్చుకోమని కాలేజీని ఒప్పించారు, ఆడపిల్లలకు ప్రవేశం ఉందని ప్రకటన వేయించారు. మరుసటి ఏడాది పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ అని ఇద్దరు మలయాళీ అమ్మాయిలు సివిల్‌లో చేరారు. యుద్ధకాలం కావడంతో కోర్సు కొన్ని నెలలు కుదించారు. అలా ఒక ఏడాది తేడాతో చేరిన ముగ్గురూ ఒకేసారి బయటికొచ్చారు.

నీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇక్కడే ఉంది. ఆ తరం ఆడపిల్లలకు చదువు కష్టమై ఆగలేదు. తోడు లేక ఆగింది. సీటు ఇచ్చేవాళ్ళు ఒకళ్ళకు ఇచ్చి ఊరుకునేవాళ్ళు. ఇంకొక పిల్ల పక్కన ఉంటే సగం భారం తగ్గుతుందని తెలిసిన పెద్దవాళ్ళు అరుదు.

ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానో నా అనుభవంతో చెప్తాను. మొదటి సంవత్సరం వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ అని ఉండేది. ఇప్పుడు మీకూ ఉంది, కానీ వారానికి ఒక పూటనుకుంటా. ఇనప ముక్క ఒకటి ఇచ్చి, వైస్‌లో (ముక్కను కదలకుండా పట్టే పనిముట్టు) బిగించి, ఆకురాయితో నాలుగు పక్కలా అరగదీయమనేవాళ్ళు. మూలలు సరిగ్గా లంబంగా రావాలి. ట్రై స్క్వేర్ (లంబకోణం సరిచూసే పనిముట్టు) ఆనించి కిటికీ వైపు పట్టుకుంటే సందులోంచి వెలుతురు కనపడకూడదు. కనపడితే మళ్ళీ రుద్దడమే. మొదటి వారం మా ఇన్‌స్ట్రక్టర్ మాకిద్దరికీ స్టూళ్ళు వేయించి, “మీరు కూర్చోండమ్మా, మీ ముక్కలు మా కుర్రాడు చేసిపెడతాడు” అన్నాడు. ఆయన ఎంతో ప్రేమగానే అన్నాడు, ఆయనకూ ఆడపిల్లలున్నారు. మేమూ హమ్మయ్య అనుకుని కూర్చున్నాం. రెండో వారం నా స్నేహితురాలు నా చెవిలో, “మనం ఇలా కూర్చుంటే పరీక్షలో ఎవరు చేస్తారే?” అంది. లేచి వెళ్ళి మా ముక్కలు మేమే చేసుకుంటామని చెప్పాం. ఆ పూటకే అరచేతులు బొబ్బలెక్కాయి. ఆకురాయి ముందుకు నెట్టేటప్పుడు బరువు వేయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి అని ఆ పెద్దాయనే చూపించాడు, నేర్చుకుంటామంటే ఎంత సంతోషపడ్డాడో. నేను ఒక్కదాన్నే అయితే ఆ స్టూలు మీదినుంచి లేచేదాన్ని కాదు. నలభై మంది అబ్బాయిలు చూస్తుండగా ఒక్కత్తీ లేవడం నా వల్ల అయ్యేది కాదు.

వెక్కిరింతల సంగతి అందరూ అడుగుతారు. ఉండేవి. నల్లబల్ల మీద పేర్లు రాయడం, వరండాలో వెళ్తుంటే చెప్పుల చప్పుడుకు తాళం వేయడం. అవి తట్టుకోవచ్చు. చదువును ఎక్కువ దెబ్బ తీసింది ‘ఆడపిల్లవు, నీకెందుకమ్మా’ అనే దయ. కొలిమి దగ్గర సుత్తి పట్టుకోనివ్వరు. సర్వేలో కొలత గొలుసు లాగనివ్వరు, చెట్టు నీడన కూర్చుని రీడింగులు రాసుకోమంటారు. ఆ దయ ఐదేళ్ళు తీసుకుంటే, పట్టా చేతికొచ్చాక పనికి రావని అనేది వాళ్ళే.

ఇంకొకటి, పుస్తకాల్లో రాయనిది. టాయిలెట్. మా డిపార్ట్‌మెంట్ భవనంలో ఆడవాళ్ళకు లేదు. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం హాస్టల్‌కి వచ్చేదాకా అంతే. అందుకని నీళ్ళు తాగడం మానేశాం. వేసవిలో ల్యాబ్‌లో కళ్ళు తిరిగేవి. ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకునే మాట కాదనుకున్నాం. మూడో ఏడాది లైబ్రరీలో పనిచేసే ఒకావిడ గ్రహించి, కాలేజీ వెనకున్న తన క్వార్టర్స్ తాళంచెవి ఒకటి మాకు ఇచ్చింది. ఆవిడ పేరు ఇక్కడ రాయను, కానీ నా డిగ్రీలో ఆవిడకు భాగం ఉంది. 1960ల చివర ఇదీ పరిస్థితి. పాతికేళ్ళ ముందు మగపిల్లల కోసమే కట్టిన భవనాల్లో ఆ ముగ్గురూ ఎలా నెట్టుకొచ్చారో నువ్వే ఊహించుకో.

తోడు పోతే ఏమవుతుందో చెప్పడానికి బెంగాల్ కథ ఒకటి. 1947లో శిబ్‌పూర్‌లోని బెంగాల్ ఇంజనీరింగ్ కాలేజీ తలుపులు ఆడపిల్లలకు తెరిచారు. ఇద్దరు చేరారు, ఇలా ఘోష్, అజంతా గుహ. ఇలా గారు పన్నెండేళ్ళకే సైకిలు, పదహారేళ్ళకే జీపు నడిపిన మనిషి. సివిల్ చదవాలనుకున్నారు. బయట తిరిగే శ్రమ ఆడపిల్లకు పడదని ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. సరే అని మెకానికల్ తీసుకున్నారు. గిండీలో ఇద్దరమ్మాయిలు సివిల్ పూర్తిచేసి అప్పటికి నాలుగేళ్ళయింది, ఆ సంగతి గుర్తుపెట్టుకో. ఇంకో కాలేజీలో జరిగింది తమకు లెక్కలోకి రానట్టే ప్రతి కాలేజీ అదే అనుమానంతో కొత్తగా మొదలుపెట్టేది. రెండేళ్ళయ్యాక అజంతా గారు చదువు మానేశారు. ఇలా గారు ఆ తరవాత ఆ మగపిల్లల కాలేజీలో ఒక్కరే నెగ్గుకొచ్చి 1951లో డిగ్రీ తీసుకున్నారు. ఆ తరవాత గ్లాస్గోలో బార్ అండ్ స్ట్రౌడ్ కంపెనీలో శిక్షణ, తిరిగొచ్చి డెహ్రాడూన్ ఆయుధ కర్మాగారంలో ఉద్యోగం. 1963లో కలకత్తాలో ఆడపిల్లల పాలిటెక్నిక్ మొదలైతే దానికి మొదటి ప్రిన్సిపాల్ ఈవిడే, అప్పటికి ఇలా మజుందార్. క్లాసు నిండా ఆడపిల్లల్ని కూర్చోబెట్టే పనికి పూనుకున్నది, ఒంటరిగా చదివిన ఆ మనిషే.

ఇది మన దేశం వెనకబాటు మాత్రమే అనుకోకు. అమెరికాలో జార్జియా టెక్ ఆడపిల్లల్ని మొదటిసారి తీసుకున్నది 1952లో, కాల్‌టెక్ బీఎస్ కోర్సుల్లోకి తీసుకున్నది 1970లో.

మళ్ళీ గిండీకి వస్తాను. చదువైపోయి డిగ్రీ సర్టిఫికెట్ ఇచ్చే సమయానికి అందులో అచ్చు వేసిన మాట ఇంగ్లీషులో ‘హీ’. అంతకు ముందు ఆ కాగితం ఏ ఆడపిల్లకూ ఇచ్చింది లేదు కాబట్టి ఇంకో మాట అచ్చులోనే లేదు. ‘హీ’ని కొట్టేసి పైన చేత్తో ‘షీ’ అని రాసి ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ ఫోటో నేను చూశాను. ఎంతో పద్ధతిగా అచ్చయిన కాగితం మీద ఆ ఒక్క సిరా గీత. చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

చదువయ్యాక ఏం జరిగిందన్నది కూడా చదువులో భాగంగానే రాయి, ఎందుకంటే ఉద్యోగం రాదన్న భయం మొదటి రోజునుంచీ వెంట ఉండేది. లలిత గారు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఏడాది ప్రాక్టికల్ శిక్షణ చేశారు. 1944లో సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో చేరారు. కొంతకాలం నాన్నగారి పరిశోధనల్లో సాయం చేశారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, రిటైరయ్యేదాకా ఆ దారిలోనే ఉన్నారు. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్, సబ్‌స్టేషన్ లేఅవుట్లు, ప్రొటెక్టివ్ గేర్ (లోపం వస్తే కరెంటు ఆపే పరికరాలు). భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో ఆవిడ చెయ్యి ఉంది. చిన్నపిల్ల తల్లిగా, భర్త లేని మనిషిగా సైట్లకు తిరిగే పని ఆవిడ పెట్టుకోలేదు, ఎక్కువగా డిజైన్ టేబుల్ దగ్గరే చేశారు. సబ్‌స్టేషన్ లేఅవుట్ అంటే ఏమిటో తెలిసినదాన్నిగా ఒక మాట. బస్‌బార్ (కరెంటు పంచే లోహపు కడ్డీ) ఎత్తు, రెండు ఫేజుల మధ్య దూరం, బ్రేకర్ పక్కన మనిషి నిలబడే చోటు, ఇవన్నీ కాగితం మీద తప్పితే రేపు సైట్‌లో ప్రాణం పోతుంది. టేబుల్ దగ్గర పని తేలిక పని అని మాత్రం రాయకు.

మనవైపు చట్టం కూడా ఆ టేబుల్ వైపే తోసింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళతో ఉదయం 6 నుంచి రాత్రి 7 మధ్యనే పని చేయించాలని ఉండేది. 22వ సెక్షన్ ప్రకారం నడుస్తున్న ప్రైమ్ మూవర్‌ను (యంత్రాలను తిప్పే ఇంజను, మోటారు లాంటిది) శుభ్రం చేయడం, నూనె వేయడం, సరిచేయడం ఆడవాళ్ళు చేయకూడదని ఉండేది. కూలి పనిచేసే ఆడవాళ్ళ రక్షణకు పెట్టిన నియమాలవి, అప్పటికి అవసరమైనవే. కానీ మెకానికల్, ఎలక్ట్రికల్ డిగ్రీ చేతబట్టుకుని వచ్చిన పిల్లకు షిఫ్ట్ ఇంజనీర్ ఉద్యోగం ఇవ్వకపోవడానికి అవే సాకు అయ్యాయి. నన్నూ ఒక ఇంటర్వ్యూలో, “రాత్రి షిఫ్ట్ పడితే ఏం చేస్తావమ్మా?” అనే అడిగారు, చదువు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఇక మైనింగ్ అయితే 1952 గనుల చట్టం భూగర్భంలో ఆడవాళ్ళ పనిని నిషేధించింది. ఆ నిషేధానికి సడలింపు 2019లో గానీ రాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు నడిచినావిడ త్రేసియా గారు. 1944లో కొచ్చిన్ రాజ్య ప్రజాపనుల శాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేరి, ములంకున్నత్తుకావు టీబీ శానిటోరియం కట్టడం పనుల్లో ఉన్నారు. సైట్ పనే. 1971లో కేరళ చీఫ్ ఇంజనీర్ అయ్యారు, దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. తారులో రబ్బరు కలిపి రోడ్లు వేసే ప్రయోగాలు ఆవిడ హయాంలోవి. ఒకే కాలేజీ, ఒకే ఏడాది డిగ్రీ. లలిత గారికి పాప ఉంది, త్రేసియా గారు పెళ్ళి చేసుకోలేదు. దీనికి నేనేమీ వ్యాఖ్య చేర్చను, నువ్వు ఆ పెద్దావిడతో మాట్లాడేటప్పుడు ఇది మనసులో పెట్టుకో.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే లలిత గారు మన దేశం నుంచి వెళ్ళారు, చీర కట్టుకునే. అక్కడి పత్రికలవాళ్ళతో, 150 ఏళ్ళ కిందట అయితే తనను భర్త చితి మీదే కాల్చేసేవాళ్ళని చెప్పారు. 1977లో రిటైరయ్యారు, 1979లో పోయారు. అరవై ఏళ్ళే.

ఇప్పుడు నీ పని. పెద్దావిడ దగ్గర కూర్చున్నప్పుడు ‘మీకు స్ఫూర్తి ఎవరు’ లాంటి ప్రశ్నలతో మొదలుపెట్టకు. ఆ తరం వాళ్ళు వాటికి మర్యాదగా ఒక్క వాక్యం చెప్పి ఆపేస్తారు. వస్తువుల గురించి, చోట్ల గురించి అడుగు. మధ్యాహ్నం అన్నం ఎక్కడ కూర్చుని తినేవారు? కాలేజీలో కాళ్ళు కడుక్కోడానికి ఎక్కడికి వెళ్ళేవారు? వర్క్‌షాప్‌లో చీర కొంగు ఏం చేసుకునేవారు? మేము నడుం చుట్టూ బిగించి పిన్ను పెట్టేవాళ్ళం, లేత్ దగ్గర కొంగు చక్‌కు (ముక్కను పట్టి గిరగిరా తిరిగే భాగం) చుట్టుకుంటుందని భయం. ఫీజు ఎవరు కట్టారు, ఇంట్లో ఏం తాకట్టు పెట్టారు? క్లాసులో పక్కన ఎవరు కూర్చున్నారు, ఆ పిల్ల ఇప్పుడెక్కడ ఉంది? నోట్స్ రాకపోతే ఎవరి దగ్గర అడిగి తెచ్చుకునేవారు? ఎవరైనా మధ్యలో మానేశారా, ఎందుకు? ఈ చివరిది తప్పకుండా అడుగు. పూర్తిచేసినవాళ్ళ పేర్లే మనకు మిగులుతాయి, అజంతా గారి లాంటివాళ్ళ సంగతి పక్క సీటులో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఫోన్‌లో రికార్డు చేస్తే ముందు అనుమతి అడుగు. రెండు పూటలు పెట్టుకో, మొదటి పూట చెప్పనివి రెండో పూట చెబుతారు. వాళ్ళ డ్రాయింగ్ బాక్స్ ఎక్కడన్నా దాచుకుని ఉంటే తీయించు. మా స్నేహితురాలు పోయాక వాళ్ళబ్బాయి ఆవిడ బాక్స్ నాకు ఇచ్చాడు. ఇత్తడి డివైడర్లు, రూలింగ్ పెన్ (సిరాతో గీతలు గీసే కలం), మూత లోపల బ్లేడుతో చెక్కిన రెండు పేర్లు, ఆవిడదీ నాదీ. ఒక్క బాక్స్ కొనడానికే ఇద్దరి డబ్బులూ సరిపోయాయి ఆ రోజుల్లో.